బడిలో ఆటల పోటీలు: ఉంచాలా, తీసేయాలా?

సుమతి (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా పిల్లలు చదువుతున్న ప్రైవేటు బడి యాజమాన్యం వచ్చే విద్యా సంవత్సరం నుంచి రెండు మార్పులు చేయాలనుకుంటూ, వాటిపై తల్లిదండ్రుల అభిప్రాయం అడిగింది. ఐదో తరగతి వరకు వార్షిక క్రీడోత్సవంలో పరుగు పందెం మొదలుకొని నిమ్మకాయ చెంచా పందెం వరకు అన్ని పోటీలనూ ఎత్తివేసి, పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ఒకే రకం పతకం ఇస్తారట. ఎనిమిదో తరగతి నుంచి వారానికి మూడుగా ఉన్న ఆటల పీరియడ్లలో రెండింటిని ఐఐటీ ఫౌండేషన్ తరగతులకు మళ్ళించి, ఆటలను బడి జట్టుకు ఎంపికైన పిల్లలకే పరిమితం చేస్తారట. మా అబ్బాయి నాలుగో తరగతి, అమ్మాయి ఎనిమిదో తరగతి. అమ్మాయి ఖోఖో జట్టులో ఉంది కాబట్టి రెండో మార్పు వల్ల మాకు నష్టం లేదని ప్రధానోపాధ్యాయురాలు చెప్పారు. ఆ మాటే నాకు నచ్చలేదు.

చిన్నపిల్లలకు పోటీ వద్దనడం, పెద్దపిల్లలకు పోటీ తప్ప మరో ఆట లేకుండా చేయడం ఒకే కమిటీ తీసుకున్న నిర్ణయాలు కావడం విచిత్రంగా ఉంది. పోటీ వల్ల పిల్లలకు నిజంగా ఒరిగేది ఏమిటో అనుభవం ఉన్నవారు చెప్పగలరా? క్రీడాస్ఫూర్తి, నాయకత్వ లక్షణాలు వంటి బహుమతి ప్రదానోత్సవపు మాటలు వద్దని మనవి.

మైదానం మాస్టారు (వరంగల్ జిల్లా)

అమ్మా సుమతీ, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. మీరు గమనించిన విచిత్రం మీ ఒక్క బడిది కాదు.

మన దగ్గర బడి పోటీల పద్ధతి చాలా కాలంగా ఒకే మాదిరిగా నడుస్తోంది. మండల స్థాయిలో గెలిచినవారు జిల్లాకు, అక్కడ ఎంపికైనవారు రాష్ట్రానికి, ఆ తరువాత స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ నిర్వహించే జాతీయ పోటీలకు వెళతారు. ఆ ఫెడరేషన్ 1954లో ఏర్పడింది. అండర్-14, అండర్-17, అండర్-19 అనే మూడు వయో విభాగాలు అందరికీ తెలిసినవే. ఈ ఏర్పాటులో తప్పు లేదు. తప్పు మొదటి మెట్టుకు కింద ఉంది. మండల పోటీల తేదీ వచ్చాక, నాలుగు వందల మంది ఉన్న బడిలో బాగా పరుగెత్తగల పన్నెండు మందిని ఏరి, పది రోజులు ఉదయం సాయంత్రం సాధన చేయించి పంపుతారు. మిగిలిన మూడు వందల ఎనభై ఎనిమిది మందికి ఆ ఏడాది పోటీ అంటే, గెలిచి వచ్చినవారికి ప్రార్థన సమయంలో చప్పట్లు కొట్టడమే. నేను చూసిన బడుల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉండేవి.

పోటీ అవసరమా అని అడిగితే మాత్రం అవసరమనే అంటాను. మా జిల్లాలోని కల్లెడ గ్రామం పేరు మీరు వినే ఉంటారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో పోటీపడిన వర్ధినేని ప్రణీత, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవారి) విభాగంలో కాంస్యం గెలిచిన జీవాంజి దీప్తి ఇద్దరూ ఆ ఊరివారే. దీప్తి మేధోపరమైన వైకల్యంతో పుట్టిన అమ్మాయి. ఊళ్ళో ఆమెను, ఆమె తల్లిదండ్రులను ఎంతమంది ఎన్ని మాటలన్నారో పత్రికల్లో వచ్చింది. ఆమె పరుగును ముందుగా గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. తరువాత కోచ్ నాగపురి రమేశ్ గారి దృష్టికి వచ్చి హైదరాబాదు చేరింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. మార్కుల జాబితా మాత్రమే చూసే బడిలో ఆ అమ్మాయి చివరి బెంచీలోనే మిగిలిపోయేది. పదిమంది సరసన నిలబెట్టి ఈల ఊదితే తప్ప బయటపడని శక్తి కొందరు పిల్లల్లో ఉంటుంది. బయటపడాలంటే ముందు అందరినీ గీత మీద నిలబెట్టాలి కదా. పన్నెండు మందిని ముందే ఏరుకున్న బడి, మూడు వందల ఎనభై ఎనిమిది మందిని చూడకుండానే జల్లెడ పట్టానని చెప్పుకుంటోంది.

లెక్కల పంతులు (గుంటూరు)

మాస్టారి అనుభవం మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను ఇంటర్మీడియట్ అధ్యాపకుడిని. వారాంతపు పరీక్ష, దాని ర్యాంకు, ఆ ర్యాంకును బట్టి సెక్షను మార్పు, సెక్షనును బట్టి అధ్యాపకుడి మార్పు చూస్తూ పెరిగే పిల్లలకు పోటీ తక్కువై బాధపడే పరిస్థితి ఏమీ లేదు. వారికి తక్కువైంది లెక్క కట్టని సమయం. సాయంత్రం గంటసేపు ఎవరూ మార్కులు వేయకుండా ఆడుకునే అవకాశాన్ని కూడా మళ్ళీ గెలుపోటములుగా మార్చడం దేనికి?

ఛాంపియన్ల కథలు చెప్పి పోటీని సమర్థించడంలో ఒక చిక్కుంది. పైకి వచ్చినవారి పేర్లు మనకు తెలుస్తాయి. పదమూడేళ్ళకు ఓడి, తిట్లు తిని, మళ్ళీ మైదానం ముఖం చూడనివారి పేర్లు ఎవరూ రాయరు. జపాన్ జూడో సమాఖ్య 2022లో ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ వ్యక్తిగత పోటీలను పూర్తిగా రద్దు చేసింది. బరువు విభాగం కోసం పిల్లలను కడుపు మాడ్చడం, తల్లిదండ్రులు, శిక్షకులు రెఫరీల మీద అరవడం వంటివి శ్రుతి మించాయని ఆ సమాఖ్యే చెప్పింది. జూడో పుట్టిన దేశం ఆ నిర్ణయానికి వచ్చిందంటే ఆలోచించవలసిందే.

మన దగ్గర దీనికి తోడు వయసు తగ్గించి చూపే రోగం ఒకటుంది. అండర్-14లో నూనూగు మీసాలవాళ్ళు ఆడడం చూడనివారు ఈ వేదికలో ఎవరైనా ఉన్నారా? రిజర్వేషను, ఉద్యోగం, సీటు అనే ఆశలు పతకంతో ముడిపడి ఉన్నంతకాలం తల్లిదండ్రులే ఆ పని చేయిస్తారు. పిల్లవాడికి మొదటగా అందే పాఠం దొంగ పుట్టినతేదీ పత్రం. చిన్నపిల్లల పోటీలు ఎత్తివేయాలన్న మీ బడి నిర్ణయం సరైనదే. రెండో నిర్ణయం ఘోరమైనది.

నాగావళి (శ్రీకాకుళం)

మా అబ్బాయి బడి ఒక వాణిజ్య సముదాయం మూడో అంతస్తులో ఉంది. క్రీడోత్సవాన్ని ఫంక్షన్ హాలులో జరుపుతారు. పోటీ ఉండాలా వద్దా అన్న ప్రశ్న దాకా రాగలిగిన మీ అందరినీ చూస్తే అసూయగా ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో ఆటస్థలం ప్రతి బడికీ ఉండవలసినవాటి జాబితాలో స్పష్టంగా ఉంది. అదే అనుబంధం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులు ఉన్న బడిలో వందమందికి పైగా పిల్లలుంటే వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడైనా ఉండాలి. మా బడివారు «సమీపంలోని మైదానం» అని కాగితం మీద చూపించిన స్థలంలో ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు.

డాక్టరమ్మ (రాజమహేంద్రవరం)

పిల్లల వైద్యురాలిగా రెండు వైపుల వాదనలూ నాకు కొంతవరకు నిజమనిపిస్తాయి. అయితే వయసును పక్కనపెట్టి ఈ విషయం మాట్లాడుకుంటే ఎటూ తేలదు.

ముందు ఆరోగ్యం సంగతి. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలపాటు, ఊపిరి వేగం పెరిగేంత శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వారానికి మూడు ఆటల పీరియడ్లే దీనికి చాలవు. వాటిలో రెండు తీసేస్తే ఇక చెప్పేదేముంది? జట్టులో లేని పిల్లలకే ఆ పీరియడ్ల అవసరం ఎక్కువ. జట్టులోని పిల్లలు ఎలాగూ పరుగెత్తుతారు. నా దగ్గరకు పన్నెండు పదమూడేళ్ళకే అధిక బరువుతో వచ్చే పిల్లల్లో బడి జట్టు సభ్యులు దాదాపుగా ఉండరు.

ఎదుగుదల మాట కూడా చెప్పాలి. ఆడపిల్లలు ఎక్కువగా పన్నెండేళ్ళ ప్రాంతంలో, మగపిల్లలు పద్నాలుగేళ్ళ ప్రాంతంలో ఒక్కసారిగా ఎత్తు పెరుగుతారు. ఈ సగటుకు ఏడాది, రెండేళ్ళు ముందూ వెనకా కావడం పూర్తిగా మామూలు విషయం. అంటే అండర్-14 జట్టుకు ఎంపిక చేసే రోజున, ఒకే వయసున్న ఇద్దరు మగపిల్లల్లో ఒకరు శరీరరీత్యా ఇంకా బాలుడే, మరొకరు దాదాపు యువకుడు. లెక్కల పంతులు గారు చెప్పిన నూనూగు మీసాలవారిలో కొందరు దొంగ పత్రాలవారై ఉండవచ్చు, కొందరు త్వరగా ఎదిగినవారు మాత్రమే. ఏ నెలలో పుట్టారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. కెనడాలో ఐస్ హాకీ జట్లను పరిశీలించిన పరిశోధకులు 1980లలోనే ఈ సంగతి గమనించారు. వయసు లెక్కించడానికి జనవరి 1ని కటాఫ్‌గా పెట్టుకున్న జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవారు ఎక్కువగానూ, ఏడాది చివర పుట్టినవారు తక్కువగానూ కనిపించారు. పదేళ్ళ వయసులో పదకొండు నెలల తేడా చిన్నది కాదు. పెద్దవాడిగా కనిపించిన పిల్లవాడికి ఎంపిక, దానితో శిక్షణ, దానితో నైపుణ్యం వస్తాయి. డిసెంబరులో పుట్టినవాడు తనకు ఆట రాదని నమ్మి తప్పుకుంటాడు. అందుకే చిన్న వయసులో చేసే ఎంపిక పిల్లల ప్రతిభ కంటే వారి పుట్టిన నెలనూ ఎముకల వయసునూ ఎక్కువగా కొలుస్తుంది.

నార్వే క్రీడా సమాఖ్య ఈ సమస్యను ఎదుర్కొన్న తీరు తెలుసుకోదగినది. అక్కడ పిల్లలు చిన్నప్పటి నుంచే పోటీపడతారు. కానీ పదకొండేళ్ళ లోపువారి ఫలితాల పట్టికలు, ర్యాంకులు ప్రకటించరు. పదమూడేళ్ళ లోపువారికి జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఉండవు. పన్నెండేళ్ళ వరకు బహుమతులంటూ ఇస్తే అందరికీ ఇవ్వాలి. ఈ పద్ధతి వల్ల ఆ దేశం వెనకబడిందేమీ లేదు. 2018, 2022 శీతాకాల ఒలింపిక్స్ రెండింటిలోనూ అత్యధిక పతకాలు దానివే. ఇంచుమించు యాభై అయిదు లక్షల జనాభా ఉన్న దేశానికి ఒక్క పిల్లవాడినీ త్వరగా వదులుకునే వెసులుబాటు లేదని నాకు అనిపిస్తుంది. మనకు పిల్లలు ఎక్కువ కాబట్టి వదిలేయడం అలవాటైంది.

ఇంకొక్క మాట. బడి స్థాయి కబడ్డీలో బరువు పరిమితులుంటాయి. తూకానికి ముందు రెండు రోజులు అన్నం, నీళ్ళు తగ్గించి పిల్లలను తూచే పద్ధతి మన జిల్లాల్లోనూ ఉంది. ఎదిగే వయసులో అది ప్రమాదకరం. ఏ శిక్షకుడు చెప్పినా తల్లిదండ్రులు ఒప్పుకోకూడదు. మోకాలిచిప్ప కింద ఎముక దగ్గర నొప్పి అంటున్న పదమూడేళ్ళ పిల్లవాడిని కట్టు కట్టి ఆడించడం కూడా అలాంటిదే.

రాయలసీమ రైడర్ (కడప)

పంతులు గారికి ఒక సమాధానం చెప్పాలి. ఓడి తప్పుకున్నవారి గురించి ఎవరూ రాయరన్నారు కదా, నేను ఆ వర్గం మనిషినే. కబడ్డీలో రాష్ట్ర స్థాయి వరకు వెళ్ళి, అక్కడ రెండుసార్లు మొదటి దశలోనే ఓడి వచ్చాను. జాతీయ జట్టు దరిదాపులకు కూడా పోలేదు. నాకు స్పోర్ట్స్ కోటాలో సీటు రాలేదు, ఉద్యోగమూ రాలేదు. బ్యాంకు పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నాను.

అయినా ఆ పోటీలు లేకపోతే నాకు దక్కనివి కొన్ని ఉన్నాయి. పోటీలకు వెళితే ఏదో ఒక బడిలో తరగతి గదులు ఖాళీ చేయించి, బెంచీలు గోడకు జరిపి, మాకు నేల మీద పడక ఏర్పాటు చేసేవారు. మా ఇంటి గడప దాటి ఒక్కదాన్నే పొరుగువీధికి కూడా వెళ్ళనివ్వని నాన్న, బడి పేరున్న చొక్కా వేసుకున్నందుకు పక్క జిల్లాకు పంపించాడు. ఆడపిల్ల ఊరు దాటడానికి మా పల్లెలో చెల్లుబాటయ్యే కారణాలు అప్పట్లో పెళ్ళి, తిరునాళ్ళు, పరీక్ష మాత్రమే. పోటీ నాలుగో కారణమైంది. ఊరికే ఆడుకోవడానికి ఎవరూ పంపరు. ఆడుకోవడం వేరు, పోటీ వేరు అన్న తేడా మగపిల్లలకు చిన్నదిగా కనిపించవచ్చు. వాళ్ళకు సాయంత్రం వీధి ఉంటుంది. మాకు పోటీ ఉంటేనే మైదానం ఉండేది.

ఓటమి సంగతి కూడా చెబుతాను. పరీక్షలో తక్కువ మార్కులు వస్తే ఎందుకు వచ్చాయో నాకు చాలాసార్లు అర్థమయ్యేది కాదు. కబడ్డీలో నన్ను పట్టుకున్న అమ్మాయి ఎదురుగా ఉంటుంది, ఏ కాలు పట్టిందో తెలుస్తుంది, అయిదు నిమిషాల్లో మళ్ళీ కూతకు వెళ్ళాలి. ఓడిపోయినదానికి అప్పటికప్పుడే ఏదో ఒకటి చేసుకునే వీలు ర్యాంకుల పట్టికలో ఎక్కడుంది? పంతులు గారు రెండు పోటీలనూ ఒకే గాటన కట్టారు. నా అనుభవంలో ఆ రెంటికీ పోలిక లేదు.

అయితే ఇంటర్‌లో చేరిన రోజే నా ఆట ముగిసింది. నాతో ఆడినవారిలో అందరిదీ అదే కథ. దాని గురించి ఈ చర్చలో ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

ప్రవాస నాన్న (టెక్సాస్)

ఇక్కడి పద్ధతి తెలిసినవాడిగా కొన్ని మాటలు. అమెరికాలో బడి జట్టులో చోటు కోసం ఎంపిక పరీక్షలు ఉంటాయి. బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, సాకర్ వంటివాటిలో చాలామందిని తొలగిస్తారు. తొలగించబడకుండా ఉండడానికి తల్లిదండ్రులు ఏడెనిమిదేళ్ళ వయసు నుంచే ప్రైవేటు క్లబ్బుల్లో చేర్పించి, శని ఆదివారాలు వందల మైళ్ళు కారు నడిపి, వేల డాలర్లు ఖర్చు చేస్తారు. మన తెలుగు కుటుంబాలు టెన్నిస్‌లోనూ ఈతలోనూ ఇదే బాట పట్టాయి. కాలేజీ దరఖాస్తులో పనికొస్తుందన్న ఆలోచన చాలా ఇళ్ళలో దాపరికం లేకుండానే వినిపిస్తుంది. గుంటూరులో ర్యాంకు కోసం పడే పాట్లు ఇక్కడ మైదానంలోకి మారాయంతే.

అయితే ఇక్కడ నాకు నచ్చినది ఒకటుంది. చాలా బడుల్లో క్రాస్ కంట్రీ, ట్రాక్ అనే పరుగు జట్లలో ఎవరినీ తొలగించరు. చివరగా వచ్చే పిల్లవాడికీ అదే దుస్తులు, అదే బస్సు, అదే సాధన ఉంటాయి. అతడి సమయాన్ని కూడా నమోదు చేస్తారు, గత వారం కంటే ఎంత తగ్గిందో చెబుతారు. మా అబ్బాయి ఆ బాపతు. ఏనాడూ మొదటి ఇరవైలో రాలేదు. రోజూ పరుగెత్తడం మానలేదు. కడప సోదరి రాసినది చదివాక 1972 నాటి టైటిల్ నైన్ చట్టం గుర్తొచ్చింది. ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థలు ఆడపిల్లలకు సమాన అవకాశాలు ఇవ్వాలన్న ఆ నియమం తరువాతే ఇక్కడి హైస్కూళ్ళలో ఆడపిల్లల జట్లు పెద్ద సంఖ్యలో వచ్చాయి. మంచి మనసుతో వచ్చిన మార్పు కాదది, చట్టం భయంతో వచ్చింది.

లెక్కల పంతులు (గుంటూరు)

కడప నుంచి రాసిన సోదరి వాదనకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఆడపిల్లలకు పోటీయే మైదానపు గేటు తెరిచిందన్న కోణం నేను ఆలోచించనిది. ఇంటర్ గురించి ఆమె అడిగినదానికి మాత్రం నేనే జవాబు చెప్పాలి. నేను చూసిన జూనియర్ కళాశాలల్లో ఆట అన్న గడి కాలపట్టికలోనే ఉండదు. ఉదయం స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ వరకు నింపేస్తారు. 2020 జాతీయ విద్యా విధానం పాఠ్యాంశాలకు, సహపాఠ్యాంశాలకు మధ్య గట్టి గీత ఉండకూడదని రాసుకుంది. ఆ గీత మా కళాశాలల్లో గోడంత ఎత్తుంది. అండర్-19 విభాగానికి మన దగ్గర పిల్లలు ఎందుకు దొరకడం లేదని ఆశ్చర్యపడేవారు ఒక్కసారి ఆ కాలపట్టికలు చూడాలి.

డాక్టరమ్మ గారి నార్వే ఉదాహరణతో నాకు పేచీ లేదు. అది నా వాదనకు దగ్గరగానే ఉంది. కానీ అక్కడ పిల్లలు పోటీపడతారు, పట్టిక మాత్రమే ఉండదు అన్న భాగాన్ని సుమతి గారి బడి గమనించాలి. పోటీనే తీసేసి అందరి మెడలోనూ పతకం వేయడం అంటే, పరీక్ష పెట్టకుండా అందరికీ నూటికి నూరు వేయడమే. నాలుగో తరగతి పిల్లవాడికి ఎవరు ముందు వచ్చారో తెలియదనుకోవడం పెద్దల అమాయకత్వం. నా మొదటి టపాలో ఆ నిర్ణయాన్ని సరైనదన్నాను. ఇప్పుడు సగమే సరైనదంటాను.

సుమతి (విజయవాడ)

అందరికీ ధన్యవాదాలు. శనివారం సమావేశంలో నేను అడగబోయేవి ఇవి. ఐదో తరగతి వరకు పందేలు ఉండాలి, కానీ వరుస సంఖ్యలు వేదిక మీద ప్రకటించవద్దు. ప్రతి పిల్లవాడూ కనీసం మూడు పందేలలో పాల్గొనాలి, చూసేవారి వరుస ఉండకూడదు. ఆరో తరగతి నుంచి బడి జట్టు ఎంపికకు ముందు ప్రతి తరగతిలోనూ హౌస్ పోటీలు జరగాలి. మూడు ఆటల పీరియడ్లనూ అందరికీ ఉంచాలి. ఫౌండేషన్ తరగతులు కావాలన్నవారు బడి గంటల తరువాత పెట్టుకోవచ్చు.

మాస్టారూ, ఒక సందేహం. నలభై మంది ఉన్న తరగతికి ఒక్క పీరియడులో పోటీ నిర్వహించడం అసాధ్యమని మా బడి పీఈటీ అంటున్నారు. క్రికెట్ పెడితే ఇద్దరు ఆడి ముప్పై ఎనిమిది మంది నిలబడతారన్నది ఆయన మాట.

మైదానం మాస్టారు (వరంగల్ జిల్లా)

క్రికెట్ విషయంలో ఆయన మాట నిజమే. అందుకే క్రికెట్ పెట్టకూడదు. ఖోఖో పెట్టమనండి. రెండు స్తంభాలు, సున్నపు గీతలు తప్ప ఖర్చు లేదు. జట్టుకు తొమ్మిది మంది కావాలి. ఎనిమిది మంది గళ్ళలో కూర్చుంటే ఒకరు తరుముతారు, రెండో జట్టు ముగ్గురు ముగ్గురుగా లోపలికి దిగుతుంది. నలభై మందిని నాలుగు జట్లు చేస్తే ముప్పై ఆరు. మిగిలిన నలుగురిలో ఇద్దరు అంపైర్లు, ఒకరు సమయం చూసేవారు, ఒకరు స్కోరు రాసేవారు. స్థలం ఉంటే రెండు ఆటలూ పక్కపక్కనే నడుస్తాయి, లేకపోతే పీరియడులో సగం సగం. మరుసటి వారం ఆ నలుగురూ జట్లలోకి వస్తారు, వేరే నలుగురు ఈల పట్టుకుంటారు. తోటి పిల్లలు అవుట్ ఇస్తే ఒప్పుకోవడం అలవాటైన పిల్లవాడు జిల్లా పోటీలో అంపైరు మీద అరవడు; పంతులు గారు జపాన్ గురించి చెప్పిన జబ్బుకు నాకు తెలిసిన మందు ఇదొక్కటే.

జట్లు చేసేటప్పుడు ఇద్దరు నాయకులను నిలబెట్టి ఒక్కొక్కరినే కోరుకోనివ్వవద్దని మీ పీఈటీ గారికి చెప్పండి. చివరి వరకు మిగిలిపోయే పిల్లలు ప్రతిసారీ వాళ్ళే అవుతారు. హాజరు పట్టీ వరుసలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి విడదీస్తే సరిపోతుంది. ఒక జట్టు మరీ బలహీనంగా కనిపిస్తే రెండో వారం సర్దుబాటు చేయాలి. మొదటి వారమే సర్దాలని చూస్తే పీరియడు అందులోనే అయిపోతుంది.